సాంచలు ఆగిన పూట వినిపించిన టైరు

కొత్త కారు కొన్నవాళ్ళు నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. మంచిదే, నేను వద్దనను. కానీ ఆ నిమ్మకాయలు చితికిన తర్వాత ఆ టైర్ల మొహం మళ్ళీ చూసేవాళ్ళు ఎంతమంది? అద్దం రోజూ తుడుస్తారు. లోపల సెంటు సీసా వేలాడదీస్తారు. కారు మొత్తంలో భూమికి ఆనేవి మాత్రం ఆ నాలుగు టైర్లే, అదీ ఒక్కొక్కటి అరచెయ్యంత మేర. ఆ అరచెయ్యంత రబ్బరు మీద ఇంటిల్లిపాదీ కూర్చుని పోతున్నామన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

నేనిప్పుడు జగిత్యాలలో మా బిడ్డ దగ్గర ఉంటున్నాను. పోయిన నెల మా మనవరాలు కారు కొన్నది. నిమ్మకాయలు తొక్కించిన తెల్లారే నా ముందు ఒక నోటుపుస్తకం పడేసి, “అమ్మమ్మా, టైర్లు ఎక్కువ రోజులు రావాల్నంటె ఏం జెయ్యాల్నో రాసియ్యి. మా ఆఫీసోళ్ళకు గూడ సూపెడత” అన్నది. నేను చదివింది కోరుట్లలో ఐదో తరగతి దాకా. అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకోండి. టైర్ల విషయంలో మాత్రం నన్ను దిద్దకండి అని రాద్దామనుకున్నాను. రాయలేకపోయాను. ఆ విషయంలోనూ నన్ను దిద్దిన రోజు ఒకటుంది. ముందు అది చెప్పకుండా మీకు నీతులు చెప్పడం న్యాయం కాదు.

మాది నేతపని ఇల్లు. కోరుట్లలో మగ్గం గుంట పక్కన పెరిగి, సిరిసిల్లలో సాంచల మధ్యకు కోడలిగా వచ్చాను. కరెంటుతో నడిచే మగ్గాలను మావైపు సాంచలంటారు. మా ఆయన కొన్నేళ్ళు సాంచె నడిపాడు. దూది ధూళికి ఆయాసం పట్టుకుంది. డాక్టరు ఆ పని మానెయ్యమంటే, తన తమ్ముడిని తోడు తీసుకుని వేములవాడ రోడ్డు మీద, నేతవాడ మొదట్లో, పంక్చర్ దుకాణం పెట్టాడు. నేను మొదట వాళ్ళకు సద్ది తీసుకుపోయేదాన్ని. తర్వాత పంపు పట్టాను. తర్వాత జాకీ పట్టాను. మా ఆయన పోయాక మొత్తం నేనే పట్టాను. చీర కొంగు బొడ్డులో దోపి చక్రం విప్పుతుంటే దారినపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. చూడనీ అనుకునేదాన్ని. ఎట్లాగూ ఆగారు కాబట్టి గాలి కొట్టించుకుని పోయేవాళ్ళు.

నా పద్ధతి ఒక్కటే. పుట్టింట్లో తెగిన పోగును పారెయ్యనిచ్చేవాళ్ళు కాదు. ముడి వేసి మళ్ళీ నేయాల్సిందే. టైరు సంగతీ నాకు అంతే. అందులో ఉన్న ప్రాణం అంతా వాడుకోకుండా పారేసేవాడంటే నాకు ఒళ్ళు మండేది. పదిహేను రోజులకోసారి పొద్దున్నే, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. ఎంత గాలి పట్టాలన్నది డ్రైవరు తలుపు పక్కన కంపెనీవాళ్ళే చీటీ అంటించి పంపుతారు. అది చదవకుండా నన్నడిగేవాళ్ళను, “నీకు నాకంటె ఎక్కువ సదువచ్చు గదా, వంగి సదువు” అనేదాన్ని. గాలి తక్కువైతే టైరు రెండు అంచులూ అరుగుతాయి. ఎక్కువైతే నడుమ అరుగుతుంది. ఒక పక్కే అరిగితే చక్రాలు వంకర ఉన్నట్టు, అలైన్‌మెంటు చేయించాలి. ఆరు నెలలకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చాలి. ఇవన్నీ నాకు పుస్తకం చెప్పలేదు, అరచెయ్యి చెప్పింది. నేసిన బట్ట మీద చెయ్యి ఆనించి పోగు ఎక్కడ జారిందో చెప్పే ఇంట్లో పుట్టాను. టైరు మీద చెయ్యి తిప్పితే అది ఎట్లా నడుస్తున్నదో, నడిపేవాడు ఎట్లాంటివాడో కూడా తెలిసేది. నా దగ్గరికొచ్చే బండ్ల టైర్లు ఊళ్ళో అందరి టైర్ల కంటే ఏడాది ఎక్కువ నడుస్తాయని పేరుండేది. ఆ పేరే నా తలకెక్కింది.

మా మరిది తీరు వేరు. అతను రెక్కలు రాగానే వేరు పడి, వేములవాడ దాటి కోరుట్ల పోయే దారిలో పెద్ద దుకాణం పెట్టాడు. కొత్త టైర్లు, గోడకు పెద్ద అద్దం, రంగుల బల్బులు. దుకాణం తెరిచిన రోజు నేనూ పోయాను. వచ్చినవాళ్ళందరి ముందు నవ్వుతూ, “మా వదిన టైర్లకు గూడ పింఛను ఇప్పిస్తది. సచ్చినంక గూడ లేపి పని జెప్తది” అన్నాడు. అందరూ నవ్వారు. వడ్డించిన విస్తరి వదిలి బస్సెక్కాను. ఆ రోజు నుంచి రెండేళ్ళు మా మధ్య మాట లేదు. ఫోన్లోంచి అతని పేరు కూడా తీసేయించాను.

ఇక ఆ బండి సంగతి. తంగళ్ళపల్లి నుంచి ఒకతను తెల్ల కారు నడిపేవాడు. నలభై దాటినవాడు. ఇరవై ఏళ్ళు సాంచల మీద పనిచేసి, ఉన్నదంతా ఊడ్చి పాత కారు కొనుక్కున్నాడు. రోజూ పొద్దున సిరిసిల్లలో నలుగురు టీచర్లను ఎక్కించుకుని కోరుట్ల దారిలో ఉన్న వాళ్ళ బడికి దింపి, సాయంత్రం తీసుకొచ్చేవాడు. ఆ నలుగురి మీదే అతని ఇల్లు నడిచేది. పొద్దున ఎనిమిదింటికి మా దుకాణం ముందు నుంచి పోతూ హారన్ కొట్టేవాడు. రోడ్డు అవతలి పక్క నుంచి, అతనికి కుడిచేతి వైపు, నేను చెయ్యెత్తేదాన్ని.

అతనికి చెవులు సగం వినపడవు. సాంచల మధ్య అన్నేళ్ళు పనిచేసినవాళ్ళు మాలో చాలామంది అంతే. మా వాడలో మాట్లాడుకోవడం సగం చేతులతో, సగం పెదవులు చూసి. కాబట్టి అది మాకు లోపంగా కనపడదు. కానీ టీచర్లకు ఆ సంగతి అతను చెప్పలేదు. ఒకసారి గాలి కొట్టించుకుంటూ నా దగ్గర నోరు జారాడు.

“అవ్వా, టీచర్లకు జెప్పకు. చెవిటోని బండి ఎవరెక్కుతరే?”

“నాకేం పని? నేను టైర్ల సంగతే మాట్లాడుత, చెవుల సంగతి గాదు” అన్నాను. ఆ రోజు అది మంచి మాటే అనుకున్నాను. చెవుల సంగతీ టైర్ల సంగతీ వేరు కావని అప్పటికి తెలియదు.

ఆ ఏడు వానలకు రోడ్డంతా గుంతలు పడ్డాయి. అతని బండి కుడి పక్క ముందు టైరు ఒక గుంతలో గట్టిగా పడింది. రిమ్ము వంగితే సరిచేశాం. టైరు పైకి బాగానే ఉంది. నెల తర్వాత అదే టైరు మా మరిది దుకాణం దగ్గర పంక్చర్ అయింది. చేసేది లేక అక్కడే ఆపాడు. మరిది పంక్చర్ వేసి, ఆ టైరును రెండుసార్లు తిప్పి చూసి, “ఇది పారెయ్యి” అన్నాడట. మర్నాడు పొద్దున్నే అతను నా దగ్గరికొచ్చాడు.

“అవ్వా, మీ మరిది టైరు పారెయ్యమన్నడు.”

“ఎందుకట?”

“లోపల ఖరాబైంది అన్నడు. నువ్వేమంటవ్?”

“వాడు అమ్ముకునేటోడు కొడుకా. కల్లు అమ్మేటోన్ని కల్లు తాగొచ్చునా అని అడుగుతరా?”

అతను నవ్వాడు. నేను చక్రం విప్పి ఒళ్ళో పెట్టుకుని చెయ్యి తిప్పాను. గాడులు లోతుగా ఉన్నాయి. గాడి అడుగున అక్కడక్కడ చిన్న గట్లు ఉంటాయి, మీరూ వంగి చూడండి. రబ్బరు అరిగి వాటికి సమానమైతే టైరు పని అయిపోయినట్టే. దీనికి ఇంకా చాలా ఉంది. రెండోసారి చెయ్యి తిప్పినప్పుడు, నడుమ ఒకచోట, వేలికొసకు చింతగింజంత ఎత్తు తగిలింది.

మూడోసారి తిప్పాను. మళ్ళీ అక్కడే తగిలింది.

నిజం చెప్తాను. ఆ ఎత్తు ఏమిటో నా చెయ్యికి తెలుసు. ఒప్పుకోనిది నా నోరు. మరిది పారెయ్యమన్న టైరును నేనూ పారెయ్యమంటే, అతను నవ్విన నవ్వు నిజమైపోతుంది. ఆ పూట నేను టైరును చూడలేదు, మరిదిని చూశాను. కొంచెం వంకర అరుగుడు, అంతే అని నాకు నేనే చెప్పుకున్నాను.

“దసర దాక నడుస్తది. ముందటికెళ్ళి తీసి ఎనకకు ఏస్త. ఎనక ఉంటె ఏం భయం లేదు” అన్నాను.

అది రెండో తప్పు. పాత టైరు వెనక వెయ్యాలి, కొత్తది ముందు వెయ్యాలి అని మా కాలంలో అందరం అనుకునేవాళ్ళం. ఇప్పటికీ చాలా దుకాణాల్లో అదే చెప్తారు. ముందు టైరు జారితే స్టీరింగు చేతిలో తెలుస్తుంది. వెనకది పోతే బండి తోక తిప్పేస్తుంది, డ్రైవరు చేతిలో ఏమీ ఉండదు. మంచి టైర్లే వెనక ఉండాలి. నేనేమో స్టెప్నీతో కలిపి ఉన్న అయిదింటిలో చెడ్డదాన్ని తీసి, ఆ నలుగురిలో ఒక టీచరమ్మ కూర్చునే వెనక సీటు కింద పెట్టాను.

పదిహేను రోజులు గడిచాయి. బతుకమ్మ పండుగ దగ్గర పడింది. పండుగ ముందు మా వాడలో సాంచలు రాత్రీ పగలూ ఆగవు. దుకాణానికి రెండు పక్కలా షెడ్లే. చాయ్ గ్లాసులో నీళ్ళు వణుకుతుంటాయి. పక్కన నిలబడి తిట్టినా వినపడదు. అట్లాంటిది ఒక పొద్దున కరెంటువాళ్ళు లైను పని ఉందని కరెంటు తీశారు. ఒక్కసారిగా వాడంతా నిశ్శబ్దం. పనివాళ్ళు కాసేపు చూసి ఇళ్ళకు పోయారు. నా కోడలిరికం మొదలైనప్పటి నుంచి ఆ సందులో పిచ్చుక అరవడం విన్నది అదే మొదటిసారి అనుకుంటాను.

ఎనిమిదింటికి హారన్ వినిపించింది. రోజూ హారన్ నాకు వినపడదు, కారు కనపడ్డాకే చెయ్యెత్తుతాను. ఆ రోజు కారు కనపడకముందే హారన్ విన్నాను. దాని వెనకే ఇంకొకటి విన్నాను.

దబ్... దబ్... దబ్... దబ్...

కారు దగ్గరికొచ్చేకొద్దీ అది పెరిగింది. చింతగింజంత ఉన్నది ఇంకా చింతగింజంతే ఉంటే ఆ చప్పుడు రాదు. బోల్టులు విప్పే పానా పక్కన పడేసి రోడ్డు మీదికి ఉరికాను.

“ఆపు! బండాపు! కొడుకా, ఆపు!”

రెండు చేతులూ ఎత్తి ఊపాను. అతను నన్ను చూసి, రోజూలాగే పలకరిస్తున్నాననుకుని, నిండుగా నవ్వి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తనూ ఊపాడు. వెనక సీట్లో టీచరమ్మ కూడా నవ్వింది. కారు వేములవాడ వైపు పోయింది. ఆ దబ్ దబ్ చాలాసేపు వినిపించింది.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. అతను ఫోన్ ముందర అద్దం కింద పడేస్తాడు. మోగినా వినపడదు. టీచర్ల నంబర్లు నా దగ్గర లేవు. ఎవరినైనా బండి మీద తరుముదామంటే వాడలో మనుషులే లేరు. ఊళ్ళో ఉన్నంతసేపు అతను మెల్లగానే పోతాడు. వేములవాడ దాటాక రోడ్డు ఖాళీ. బడి గంట కొట్టేలోపు చేరాలి. అక్కడ తొక్కుతాడు. ఆ వేగానికి, ఆ భాద్రపదపు ఎండకు, ఆ టైరు. అయిదుగురు మనుషులు.

ఆ దారిలో నాకు తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు.

పేరు తీసేయించాను కానీ నంబరు నోటికి వచ్చు. ఒకప్పుడు మా దుకాణం బోర్డు మీద రెండో నంబరు అదే. వేళ్ళు రెండుసార్లు తప్పు నొక్కాయి. మూడోసారి మోగింది.

“ఎవలూ?”

“నేను.”

 “వదినా?” అన్నాడు. గొంతులో వెటకారం లేదు. ఎవరో చచ్చిపోయారని చెప్పడానికి చేశాననుకున్నట్టున్నాడు.

“టీచర్ల తెల్ల కారు. కుడి దిక్కు ఎనకటి టైరు. నీ దుకాణం దాటనియ్యకు.”

“గా టైరా? నేను పారెయ్యమన్నదేనా?”

 రెండేళ్ళుగా దాచుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. అవేవీ ఆ అయిదుగురికి పనికి రావు.

“అదే. నువ్వు జెప్పిందే నిజం, నేను జెప్పింది తప్పు. తిట్టేదుంటె తర్వాత తిట్టు. హారన్ గొట్టినా ఇనడు, మొత్తుకున్నా ఇనడు. ఆనికి సగం చెవుడు. కండ్లకు కనవడేటట్టు ఆపాలె.”

“సరే. ఫోన్ పెట్టెయ్” అన్నాడు.

పెట్టేశాను. కూర్చున్నాను. లేచాను. అతని దుకాణం దాకా బండి పోవాలంటే ముక్కాలు గంట పైనే. ఆ లోపల టైరు పోతే మరిది చేసేదేమీ లేదు. నా చెయ్యి చూసుకున్నాను. ఇరవై ఏళ్ళుగా అందరూ మెచ్చుకున్న చెయ్యి. రెండుసార్లు చెప్పింది, నేనే వినలేదు. చెవిటివాడు అతనొక్కడే కాదు.

అంతలో కరెంటు వచ్చింది. ఇళ్ళకు పోయిన పనివాళ్ళు ఉరుక్కుంటూ వచ్చారు. ఒక షెడ్డు, తర్వాత ఇంకొకటి, కాసేపట్లో వాడంతా మళ్ళీ దడదడలాడింది. ఫోన్ మోగినా నాకు వినపడదని అప్పుడు గుర్తొచ్చింది. దాన్ని పిడికిట్లో బిగించి, పిడికిలిని పొట్టకు ఆనించుకుని కూర్చున్నాను. గాలి కొట్టించుకోవడానికి ఎవరో వచ్చి అడిగారు. తల అడ్డంగా ఊపాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. చివరికి పిడికిట్లో ఫోన్ వణుకు తెలిసింది.

షెడ్ల వెనక చెట్టు కిందికి పరుగెత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను.

“ఆపిన” అన్నాడు మరిది. “లారీ టైర్లు నాలుగు రోడ్డుకు అడ్డం పండవెట్టిన. నీ డ్రైవరు దిగి నా గల్లవట్టిండు. ‘నీ టైర్లు అమ్ముడువోకుంటె రోడ్డు మీద ఏస్తవా’ అంటున్నడు.”

“ఎవలకేం గాలేదు గదా?”

“ఏం గాలె. టైరు సూస్తే నీ గుండె ఆగుతది వదినా. కోడిగుడ్డంత లేసింది. చెయ్యి వెడితె కాలుతున్నది. ఇంకో పది నిమిషాలు...” అక్కడ ఆపేశాడు. చెప్పనవసరం లేదు. వెనక నుంచి టీచరమ్మ గొంతు గట్టిగా వినిపించింది. “వారం రోజుల సంది నా సీటు కింద ఎవరో తలుపు గొట్టినట్టే ఉన్నదన్నా! రోడ్డు బాగలేదేమో అనుకున్న. అన్నకు జెప్పిన గూడ. తలకాయ ఊపిండు.”

తలకాయ ఊపాడు. వినపడని మాటకు మా వాడలో అందరూ చేసేది అదే.

“స్టెప్నీ ఎక్కిస్తున్న” అన్నాడు మరిది. “స్టెప్నీల గాలి సరింగ ఉన్నది వదినా. ఈ రోడ్డు మీద ఎవల బండిలనన్న స్టెప్నీకి గాలి ఉంటదా? అది నీ పనే” అన్నాడు.

అన్నన్ని తిట్లు తినడానికి సిద్ధంగా కూర్చున్నదాన్ని. ఆ ఒక్క మాటకు చెట్టుకు ఆనుకుని ఏడ్చాను. సాంచల చప్పుడులో ఏడిస్తే అదో లాభం, ఎవరికీ వినపడదు.

సాయంత్రం టీచర్లను దింపి అతను నేరుగా దుకాణానికి వచ్చాడు. ముందు సీట్లోంచి మరిది దిగాడు. వెనక డిక్కీలోంచి ఆ టైరు తీసి నా ముందు పండబెట్టాడు. రెండేళ్ళ తర్వాత ఎదురుపడ్డ మనుషులం ఏం మాట్లాడుకోవాలో తెలియక, మాట్లాడుకోవడానికి ఒక టైరు ఉన్నందుకు ఇద్దరం సంతోషించాం. మరిది కత్తి తీసుకుని ఉబ్బిన చోట కోశాడు. పై రబ్బరు అరటిపండు తొక్కలా లేచి వచ్చింది. లోపల తీగెలు పొరకు పొర విడిపోయి, తుప్పు పట్టి ఉన్నాయి. గుంతలో పడ్డ రోజు మొదలైన దెబ్బ, వాననీళ్ళు తాగి, ఎండకు ఉడికి, అక్కడిదాకా వచ్చింది. నేతింటి మాటలో చెప్పాలంటే పడుగు తెగిపోయింది. పైన అద్దకం ఎంత కొత్తగా ఉంటే ఏం లాభం?

“గిది గూడ సూడు వదినా” అని మరిది టైరు పక్కన మట్టి తుడిచి నాలుగు అంకెలు చూపించాడు. మొదటి రెండూ ఏడాదిలో ఎన్నో వారమో, తర్వాతి రెండూ ఏ సంవత్సరమో చెప్తాయట. ఆ టైరు పుట్టి ఎనిమిదేళ్ళు. ఇన్నేళ్ళుగా ఆ అంకెలను రోజూ తుడిచినదాన్ని, చదవగలిగినదాన్ని, అవేమిటని ఎన్నడూ అడగలేదు. అడగడం నామోషీ అనిపించేది. ఐదారేళ్ళు దాటిన టైరును గాడులు ఎంత లోతున్నా ఏటేటా తెలిసినవాళ్ళకు చూపించాలని, పదేళ్ళయితే మారు మాట లేకుండా తీసేయాలని ఆ సాయంత్రం నేర్చుకున్నాను. నేర్పినవాడు ఒకప్పుడు నేను సద్ది తీసుకుపోయి పెట్టిన మరిది.

అతను, ఆ డ్రైవరు, టైరు పక్కన గొంతుక్కూర్చుని ఆ తీగెలనే చూస్తున్నాడు. పొద్దున మరిది చొక్కా గల్లా పట్టిన తన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

“టీచర్లకు జెప్పినవా?” అని పెదవులు కనపడేటట్టు అడిగాను.

“జెప్పిన అవ్వా. దారిల ఆపి జెప్పిన. నాకు ఇనవడది, రేపటి సంది వేరే బండి సూసుకోండ్రి అన్న.”

“ఏమన్నరు?”

“టీచరమ్మ నవ్వింది. ‘మా క్లాసుల నలభై మంది ఉన్నరు, ఒక్కనికి ఇనవడది. మాకు మొత్తుకునుడు అలవాటే అన్నా’ అన్నది. ఐతారం కరీంనగర్ చెవుల డాక్టర్ దగ్గరికి తోల్కపోతదట.” కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగాడు. “అవ్వా, అందరు ఇన్నరు, నేనొక్కన్నే ఇనలే. ఎట్ల మొత్తుకున్నదే అది? నాకు సూపెట్టు.”

ఎట్లా చూపించాలి? పక్కన సాంచలు ఆడుతూనే ఉన్నాయి. నేను నోటితో చేసి చూపినా ఎవరికీ వినపడదు. అతని చెయ్యి పట్టుకుని వెల్లకిలా తిప్పి, నా పిడికిలితో అతని అరచెయ్యి మీద కొట్టాను. దబ్. దబ్. దబ్. దబ్.

అతను కళ్ళు మూసుకుని కాసేపు పట్టి చూశాడు. మొహం మారిపోయింది.

“గిదా? గిది సాంచె సప్పుడే గదనే! ఇనవడ్డా నేను ఆపకపోదును.”

 నిజమే. ఇరవై ఏళ్ళు ఆ దెబ్బ మీదే బతికినవాడికి అది ఆగితేనే భయం, ఆడుతుంటే ధైర్యం. పొద్దుటి దాకా నేనూ అంతేగా.

“అట్లయితె చెవిని వదిలెయ్యి” అన్నాను. బండెక్కించి, స్టీరింగు మీద అతని చేతులు వేళ్ళు విప్పి పెట్టించాను. గట్టిగా పట్టుకుంటే ఏమీ తెలియదు, బట్ట మీద ఆనించినట్టు ఆనించాలి. సీటు కింద నుంచి వచ్చేది నడుముకు తెలుస్తుంది. నేను వెనక కూర్చుని, ఖాళీ రోడ్డు మీద మెల్లగా, కొంచెం జోరుగా, మళ్ళీ మెల్లగా నడిపించాను. మంచి టైరు ఎట్లా ఉంటుందో ముందు చెయ్యికి తెలియాలి. అప్పుడే చెడ్డది తెలుస్తుంది. ప్రతి ఐతారం చక్రం మీద చెయ్యి తిప్పడం, నెలకోసారి పక్కలకు పగుళ్ళు, ఉబ్బులు చూడడం నేర్పించాను. ఎంత చిన్న ఉబ్బైనా సరే, దసరా దాకా అని ఎవరైనా అంటే వాళ్ళ మాట వినకు, నేనన్నా వినకు అన్నాను. ఆ టైర్లు నాలుగూ మార్చాం. మరిది దుకాణంలోనే మార్చాం. బేరం మాత్రం నేనే ఆడాను. ఆ విషయంలో నేను మారలేదు.

పొదుపు తప్పు కాదు పిల్లలూ. గాలి చూసుకుంటే, చక్రాలు మార్చుకుంటే, గుంత కనపడ్డప్పుడు కాలు ఎత్తితే టైరు ఏడాది ఎక్కువ వస్తుంది. ఆ ఏడాది మీ కష్టార్జితం, వదులుకోకండి. కానీ అది వెళ్తానని చెప్పిన రోజు పంపించాలి. దానికి పట్టుదల అడ్డం రాకూడదు. ఆ రెండింటి మధ్య తేడా తెలియక నేను అయిదుగురిని ఒక కోడిగుడ్డంత ఉబ్బు మీద కూర్చోబెట్టి పంపాను.

మర్నాటి నుంచి అతను మా దుకాణం ముందు హారన్ కొట్టడం మానేశాడు. కొంచెం మెల్లగా చేసి, కుడిచెయ్యి కిటికీలోంచి బయటికి చాపి, అరచెయ్యి నావైపు తిప్పి చూపించి పోయేవాడు. వెనక సీట్లో టీచరమ్మ కూడా తన చెయ్యి చూపించేది. చూసినవాళ్ళు ఈ ముసలమ్మకు రోజూ దండం పెట్టి పోతారనుకునేవాళ్ళు. అది దండం కాదు. ‘చెయ్యి వెట్టి సూసిన, బాగున్నది’ అని చెప్పడం. నేను దుకాణం మూసే రోజు దాకా, వేళ్ళకు నూనె మరకలున్నా సరే, నేనూ అరచెయ్యి తిప్పి చూపించేదాన్ని. అతని వెనక టైరు కనుమరుగయ్యేదాకా చూసి, అప్పుడు దించేదాన్ని.